మూలకు జారిన నిమ్మకాయ

నూలు మిల్లుల్లో కొత్తగా చేరే పిల్లలకు పనికొచ్చేలా ఏదైనా రాసిపెట్టమని మా మనవడి ఈడు కుర్రాళ్ళు కొందరు అడిగారు. జాగ్రత్తలు రాయాలని వాళ్ళ ఉద్దేశం. జాగ్రత్తగా ఉండి నేను సాధించింది పెద్దగా ఏమీ లేదు. నా ఉద్యోగం నిలబడింది ఒక కొంటెపని వల్ల. అందుకని అదే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఈ కథలోవాళ్ళ పిల్లలందరూ ఇంకా రాజపాళయంలోనే ఉన్నారు, నేనూ రోజూ బజారుకు పోయి రావాలి.

అది యాభైలు ముగిసి అరవైలు మొదలవుతున్న కాలం. మధురైలో లెక్కల్లో బీఎస్సీ ముగించి, రాజపాళయం పక్కన సేత్తూరులో మా ఇంటికి తిరిగొచ్చాను. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకున్నాను. మూడింట్లో ఏ భాషలోనూ ఉద్యోగం దొరకలేదు. మా నాన్నకు చెరుకు తోట, రెండు జతల ఎద్దులు ఉండేవి. ఆయన నన్ను తిట్టేవాడు కాదు, అదే బాధ. "లెక్కలు చదివినోడు తోలినా మీరు సాలు తప్పవద్దు" అని ఎద్దులకు బుద్ధులు చెప్పేవాడు.

అప్పుడు రాజపాళయంలో ఒక నూలు మిల్లు యజమాని సన్న నూలు తీయాలని కొత్త హాలు కట్టించాడు. ఆయన్ని మేమందరం ముదలాళి అనేవాళ్ళం. హాలు పక్కన ఒక టెస్టింగు గది, అందులో లెక్కలు తెలిసినవాడొకడు కావాలన్నారు. నన్ను తీసుకున్నారు. తాత్కాలికంగానే అని ముందే చెప్పారు. నేను ఊళ్ళో ఆ మాట మింగేసి, మిల్లులో ఉద్యోగం అని మాత్రం చెప్పుకున్నాను.

సన్న నూలుకు రోషం ఎక్కువ. కాస్త తేడా వస్తే చాలు, తెగి కూచుంటుంది. తెగిన పోగును అతికే పనివాళ్ళను సైడర్లు అంటారు. వాళ్ళు నూలు వడికే యంత్రాల, అంటే ఫ్రేముల మధ్య ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంటారు. పోగులు ఎక్కువ తెగితే నూలు తక్కువ వస్తుంది, సైడర్లకు కాళ్ళు పడిపోతాయి, ముదలాళికి ముఖం ముడుచుకుంటుంది. ఎన్ని పోగులు తెగుతున్నాయో లెక్కపెట్టి, అవి ఎలా తగ్గుతాయో కనిపెట్టడం నా పని.

తెగడం రెండు సంగతుల మీద ఆధారపడేది. ఒకటి గాలిలో తడి. హాలు పొడిబారితే పీచు లేచి పోగు పెళుసైపోతుంది, తడి ఎక్కువైతే పీచు రోలరుకు చుట్టుకుంటుంది. రెండోది ట్రావెలరు. కదురు చుట్టూ ఉన్న రింగు మీద పరిగెత్తే గోరంత ఉక్కు కొక్కెం అది, నూలు దాన్ని లాక్కుంటూ తిరుగుతుంది. కొక్కెం బరువైతే పోగు బిగుసుకుని తెగుతుంది, తేలికైతే గాలిలో బుడగలా ఉబ్బి పక్క పోగుకు తగిలి తెగుతుంది. లెక్కల భాషలో చెప్పాలంటే తెగడం అనేది రెండు చలరాశుల ప్రమేయం. అది ఎక్కడ అన్నిటికన్నా తగ్గుతుందో నేను పట్టుకోవాలి.

ఇక్కడిదాకా కాలేజీ పుస్తకమే. పుస్తకంలో లేనిది ఏమిటంటే, ఆ రెండు చలరాశులకూ ఇద్దరు మనుషులు ఉన్నారు, వాళ్ళిద్దరికీ మాటలు లేవు.

కొక్కేల అధికారం స్పిన్నింగ్ మాస్టరుది. పెద్దాయన, నడుము వంగకుండా నడిచే మనిషి. తడిగాలి ప్లాంటు, దాని చక్రం ఇంజనీరువి. ఆయన మాస్టరు చెల్లెలి మొగుడు. ఇద్దరి మధ్యా తగువు ఆస్తి దగ్గర రాలేదు, పెళ్ళి దగ్గర రాలేదు. కుక్క ముక్కు దగ్గర వచ్చింది. రాజపాళయం వేటకుక్క తెల్లగా ఉండాలి, ముక్కు గులాబీ రంగులో ఉండాలి. ముక్కు మీద నల్లమచ్చ కనబడితే మావాళ్ళు ముఖం తిప్పుకుంటారు. మాస్టరు ఇంట్లో కుక్క ఈనినప్పుడు, మేలైన పిల్లను ఏరి చెల్లెలింటికి పంపాడు. కొన్నాళ్ళకు దాని ముక్కు నల్లబడింది. తెలిసే నల్లముక్కుదాన్ని అంటగట్టినాడని ఇంజనీరు. ఇచ్చినప్పుడు గులాబీయే, వాళ్ళింటి పోషణకు నల్లబడిందని మాస్టరు. ఆ రోజు నుంచి ఎదురెదురుగా నిలబడినా ఒకరితో ఒకరు మాట్లాడరు. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. నేను చేరాక ఆ ఒకరు నేనయ్యాను.

"ఆయనకు చెప్పు తంబి, హాలు ఎడారి మాదిరి ఉండాది అని" అనేవాడు మాస్టరు, ఇంజనీరు పక్కనే ఉండగా. తంబి అంటే తమ్ముడు, అంటే నేను.

"వినపడింది అని చెప్పు తంబి" అనేవాడు ఇంజనీరు.

నేను అటొకసారి ఇటొకసారి తల తిప్పి, ఇద్దరూ విన్నదాన్నే మళ్ళీ ఇద్దరికీ చెప్పేవాణ్ణి. నవ్వు వచ్చేది, కానీ తాత్కాలిక ఉద్యోగి నవ్వకూడదు.

నేను రాకముందే ఇద్దరూ ఒకేసారి ఆయన కొక్కేలు, ఈయన తడి మార్చి, పోగులు తెగినప్పుడు నీవల్లంటే నీవల్లని అప్పుడు మధ్యలో ఉన్నవాడి ద్వారా పోట్లాడుకున్నారట. అది చూసి ముదలాళి ఒక కట్టడి పెట్టాడు. ఒకరు మార్చి చూసే వారం ఇంకొకరు చేతులు కట్టుకుని ఉండాలి. దాన్ని ముఱ అనేవాళ్ళం, వంతు అని అర్థం. ఏ వారం ఎవరి ముఱో శనివారం నేను నోటితో ఇద్దరికీ చెప్పాలి. సోమవారం నుంచి ఆ వంతుదారుడు తన చేతిలోనిది మార్చి చూసుకుంటాడు. కట్టడి అమలయ్యాక మిల్లులో శాంతి వచ్చింది. ఆ శాంతి ఎంత నష్టమో అప్పుడు నాతో సహా ఎవరికీ తెలియలేదు.

మాస్టరు ముఱలో తడిని కదపకుండా కొక్కేల బరువు మార్చి చూశాం. బరువు పెంచితే తెగడం ఎక్కువైంది. తగ్గించినా ఎక్కువైంది. అంటే అప్పుడున్న బరువే మేలు. ఇంజనీరు ముఱలో కొక్కేలు ముట్టకుండా తడి మార్చాం. పెంచినా తగ్గించినా తెగడం పెరిగింది. అంటే అప్పుడున్న తడే మేలు. రెండు గీతలు గీశాను, రెండూ గిన్నెల్లా వచ్చాయి, రెండు గిన్నెల అడుగూ మేం నిలబడిన చోటే. కాలేజీలో దీన్నే క్రిటికల్ పాయింట్ అన్నారు. ఎటు చూసినా నేల చదునుగా, ఎత్తూ పల్లమూ లేకుండా తగిలే చోటు అది. నేను మీసం దువ్వుకుని, ఇంతకన్నా తెగడం తగ్గదు, ఇదే కనిష్ఠం అని రాసి, కింద పెద్దగా సంతకం పెట్టాను. తాము పెట్టిందే సరైనదని నా రాత చూసి మాస్టరూ ఇంజనీరూ ఇద్దరూ సంతోషించారు. ఒకే కాగితం ఇద్దరికీ నచ్చడం అదే మొదటిసారి. నాకు అనుమానం రావలసింది అక్కడే.

ముదలాళి దాన్ని నిదానంగా చదివి నన్ను పిలిపించాడు.

"ఇంతకన్నా తగ్గదని నువ్వే రాసినావు కదా తంబి. ఇన్ని తెగితే సన్న నూలు మనకు గిట్టదు. నెల ముగిసినాక ఆ ఫ్రేముల్ని ముతక నూలుకు మార్పించేస్తా" అన్నాడు. ఆ తర్వాత ఎంతో ప్రేమగా, "ముతక నూలుకు టెస్టింగు గది ఎందుకు, చెప్పు" అని అడిగాడు.

నా ఉద్యోగం పోతుందని నేనే తీర్పు రాసి, నేనే సంతకం పెట్టాను. ఇంత శుభ్రంగా తన గొయ్యి తాను తవ్వుకున్నవాణ్ణి మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ నులకమంచం మీద కూచుని సేత్తూరు బస్సు కోసం చూస్తున్నాను. బస్సు రాకుంటే బాగుండునని ఉంది. నాన్నకు ఏం చెప్పాలి, ఎద్దులకు ఏం చెప్పాలి అని ఒకటే దిగులు. వాచ్‌మన్ మజ్జిగలో పిండుకోవడానికి ఒక నిమ్మకాయ తెచ్చి మంచం మధ్యలో పెట్టి, చెంబు కడుక్కోవడానికి వెళ్ళాడు. నులక వదులై మంచం మధ్యలో లోతుగా దిగింది కాబట్టి కాయ అక్కడే కుదురుకుంది. దిగులుగా ఉన్న మనిషి చేతులు ఊరుకోవు. కాయను తలవైపు తోశాను, తిరిగి మధ్యకు వచ్చింది. కాళ్ళవైపు తోశాను, వచ్చింది. ఈ పట్టీ వైపు, ఆ పట్టీ వైపు తోశాను, మళ్ళీ మధ్యకే వచ్చింది. మా ఫ్రేముల లాగే ఉందే అనుకుని, విసుగొచ్చి మూలగా తోశాను. అది వెనక్కి రాలేదు. మూలదాకా జారి, కింద పడి, రోడ్డు మీదికి పోయింది.

వంగి చూశాను. ఆ మంచానికి ఎదురుమూలల్లో ఉన్న రెండు కోళ్ళు అడుగున చెద పట్టి పొట్టివైపోయాయి. నిలువుగా చూస్తే మధ్యే పల్లం, అడ్డంగా చూస్తే మధ్యే పల్లం, ఆ పొట్టి మూల నుంచి ఈ పొట్టి మూలకు చూస్తే మాత్రం మధ్యే మిట్ట.

కాలేజీలో ఈ పాఠం చెప్పారు, పరీక్షలో ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు కూడా వచ్చాయి. ఏమీ అర్థం కాకుండా పూర్తి మార్కులు తెచ్చుకోవడం మా కాలపు చదువు గొప్పతనం. క్రిటికల్ పాయింట్ దొరకగానే సరిపోదు, అది ఏ రకమో తేల్చాలి. గుంట కావచ్చు, శిఖరం కావచ్చు, గుర్రం జీను లాంటిది కావచ్చు, ఒక దారిలో పల్లం, ఇంకో దారిలో మిట్ట. తేల్చడానికి మూడు వంపులు కావాలి. తడిని మాత్రం కదిపితే వచ్చే వంపు ఒకటి. కొక్కేన్ని మాత్రం కదిపితే వచ్చే వంపు ఇంకొకటి. రెండూ కలిపి కదిపితే ఒకదాని మీద ఒకటి చూపే ప్రభావం, కలగలుపు వంపు, మూడోది. మొదటి రెండింటినీ గుణించి, అందులోంచి మూడోదాని వర్గాన్ని తీసెయ్యాలి. మిగిలింది సున్నాకు పైన ఉంటే, మొదటి రెండు వంపులూ పైకే ఉన్నాయి కాబట్టి, అది నిజమైన గుంట. సున్నాకు కిందికి పోతే జీను. నా దగ్గర మొదటి రెండూ ఉన్నాయి. మూడోది లేదు. ఉండదు కూడా. రెండూ కలిపి కదిపి లెక్కపెట్టిన వాడు మా మిల్లులో లేడు, ఎందుకంటే ఒక కుక్కపిల్ల ముక్కు నల్లబడింది.

వాచ్‌మన్ వచ్చి నిమ్మకాయ ఏదని అడిగాడు. రోడ్డు వైపు చూపించాను. ఆయన అన్న మాటలు ఇక్కడ అనవసరం.

మర్నాడు నీతిగానే మొదలుపెట్టాను. మాస్టరు దగ్గరికి పోయి, ఇంజనీరుతో కలిసి ఒక్కసారి మార్చి చూద్దామన్నాను. ముందు ఆయన్ని వచ్చి అడగమను అన్నాడు. ఇంజనీరు దగ్గరికి పోతే, ముందు ఆయన్ని వచ్చి అడగమను అన్నాడు. ముదలాళి దగ్గరికి పోయే ధైర్యం నాకు లేదు. మొన్న తగ్గదని రాసినవాడు ఇవాళ తగ్గుతుందంటే, నెలాఖరుదాకా కూడా ఉండనివ్వడు. అంతటితో నీతి అయిపోయింది.

ఏ మూలకు తోయాలన్నది మొదటి చిక్కు. జీనులో ఒక ఐమూల కిందికి జారుతుంది, రెండో ఐమూల పైకి లేస్తుంది. తప్పు మూలకు తోస్తే హాలంతా పోగులు తెగి, నేను ఆ మధ్యాహ్నం బస్సుకే ఇంటికి పోవాలి. కూచుని ఆలోచించాను. తడిలో నూలుకు బలం వస్తుంది, బరువు కొక్కేన్ని ఓర్చుకుంటుంది. బరువు కొక్కెం గట్టిగా లాగుతుంది కాబట్టి తడి పీచు రోలరుకు చుట్టుకోదు. అంటే ఒకరి చెడును ఇంకొకరు కప్పుతారు. రెండూ పెరగాలి. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే మాత్రం ఒకరి చెడుకు ఇంకొకరి చెడు తోడవుతుంది. ఇది ఊహే, రుజువు కాదు.

రెండో చిక్కు మనుషులు. అక్కడ నాకు లెక్కలు అక్కరలేదు, రాజపాళయంలో పుట్టి పెరిగినవాళ్ళను చూస్తే చాలు. ఒకరికొకరు సాయం చెయ్యమంటే చేతులు కట్టుకుంటారు. ఒకరినొకరు చెడగొట్టుకోమంటే చేతులు వాటంతటవే కదులుతాయి.

శనివారం మాస్టరు దగ్గరికి పోయి, ఈ వారం ముఱ ఇంజనీరుదని చెప్పాను. తడి పెంచి చూస్తాడట, ముదలాళి ముందు గొప్ప అనిపించుకుంటాడట అన్నాను. పోతూ పోతూ, "ఆయన అదృష్టం, ఇప్పుడున్న కొక్కేలే ఉన్నాయి. బరువు కొక్కేలు ఉండుంటే ఆయన పని గోవిందా" అని నాలో నేను అనుకున్నట్టు అన్నాను. మాస్టరు కళ్ళల్లో చిన్న దీపం వెలిగింది.

అక్కడి నుంచి ఇంజనీరు దగ్గరికి పోయి, ఈ వారం ముఱ మాస్టరుదని చెప్పాను. బరువు కొక్కేలు వేస్తాడట అన్నాను. "గాలి ఇప్పుడున్నట్టే ఉండాదని ఆయన ధైర్యం. ఒక రవ్వ తడి ఎక్కువైతే ఏమవుతుందో ఆయన యోచించలేదు" అని నిట్టూర్చాను. ఇంజనీరు నాకు కాఫీ తెప్పించి ఇచ్చాడు, అంతకు ముందెప్పుడూ ఇవ్వలేదు.

ఒకే అబద్ధం ఆడాను, ఇద్దరికీ సమానంగా పంచాను. ఎవరికీ తక్కువ చెయ్యలేదు.

ఆదివారం ఫ్రేములు తుడిచే రోజు. మాస్టరు తనకు నమ్మకమైనవాళ్ళను పెట్టుకుని ఫ్రేములన్నిటికీ బరువు కొక్కేలు వేయించాడని సోమవారం పొద్దున హాల్లోకి రాగానే నాకు తెలిసింది. సంగు, అంటే మిల్లు సైరన్, ఊదింది, ఫ్రేములు కదిలాయి. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పోగులు టపటపా తెగుతున్నాయి. సైడర్లు పరిగెత్తుతున్నారు. తడి ఇంకా ఎక్కలేదు. ఇంజనీరు మనసు మార్చుకున్నాడా, లేక చక్రం అటు కాకుండా ఇటు తిప్పాడా అని పదేపదే తల ఎత్తి చూశాను. హాలు ఒక చివర మాస్టరు, ఇంకో చివర ఇంజనీరు, ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని, తెగుతున్న పోగుల్ని చూసి ఒకే రకంగా చిరునవ్వు నవ్వుతున్నారు. ఇద్దరు శత్రువులు అంత అన్యోన్యంగా నవ్వడం నేను చూడలేదు.

కాసేపటికి పైనున్న గొట్టాల్లోంచి చల్లని గాలి ముఖానికి తగిలింది. నా చొక్కా ఒంటికి అంటుకుంది. ఆ చెమ్మ నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక వరసలో తెగడం తగ్గింది. పక్క ఫ్రేములోనూ తగ్గింది. పరిగెత్తే సైడర్లు నడిచారు, నడిచేవాళ్ళు నిలబడ్డారు. మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. అంత తక్కువ మేం ఎప్పుడూ చూడలేదు. ముసలి సైడరు ఒకాయన నా దగ్గరికి వచ్చి, రహస్యం చెప్పినట్టు, "తంబి, ఇది తెగడం మరిచిపోయినట్టుండాదే" అన్నాడు. తల ఎత్తి రెండు చివరలకూ చూశాను. రెండు చిరునవ్వులూ ఒకేసారి ఆరిపోతున్నాయి.

సరిగ్గా అప్పుడే ముదలాళి రౌండుకు వచ్చాడు. సైడర్లందరూ చేతులు ఊపుకుంటూ నిలబడి ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం, స్ట్రైకా?" అన్నాడు.

స్ట్రైకు కాదని, పోగులు తెగడం లేదని, అతకడానికి ఏమీ లేక నిలబడ్డారని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఒక ఫ్రేము పక్కన తానే చాలాసేపు నిలబడి చూశాడు. ఆ తర్వాత ఇద్దరినీ దగ్గరికి పిలిచి ఈ వారం ముఱ ఎవరిదని అడిగాడు. మాస్టరు ఇంజనీరు వైపు చెయ్యి చూపించాడు. ఇంజనీరు మాస్టరు వైపు చూపించాడు. ఇంత మంచి జరిగితే నాదంటే నాదని తన్నుకోవలసినవాళ్ళు, నాది కాదంటే నాది కాదంటున్నారు. ఎందుకంటే నాదన్నవాడు, ఎదుటివాడి ముఱలో దొంగతనంగా వేలుపెట్టానని ఒప్పుకోవాలి.

ముదలాళి నా వైపు తిరిగాడు. "అయితే ఎవరి ముఱ తంబి?"

"ఎవరిదీ కాదండయ్యా" అన్నాను.

గేటు దగ్గర మంచం మీద చూపిస్తానన్నాను, అందరం అక్కడికి నడిచాం. ఫ్రేము దగ్గర శుక్రవారం పూజకు పెట్టిన నిమ్మకాయ ఒకటి నా చేతిలో ఉంది. వాచ్‌మన్ మంచం మధ్యలో దాన్ని పెట్టి, తడి అంటే నిలువు, కొక్కెం అంటే అడ్డం అని ముదలాళికి చెప్పి, తోసి చూడమన్నాను. ఆయన నిలువుగా తోశాడు, అడ్డంగా తోశాడు, కాయ రెండుసార్లూ వెనక్కి వచ్చింది. పొట్టి కోడున్న మూలకు తోయమన్నాను. కాయ జారిపోయి మంచం దిగి, మాస్టరు కాళ్ళకూ ఇంజనీరు కాళ్ళకూ మధ్య ఆగింది. ఇద్దరూ తీయబోయి, ఇద్దరూ ఆగిపోయారు. నేనే తీశాను.

ముదలాళి వంగి మంచం కోళ్ళు చూశాడు. నేను చేసింది ఆయనకు మొత్తం అర్థమైంది, లెక్కతో సహా. కోపం వస్తుందేమోనని కాచుకుని నిలబడ్డాను. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"మంచి చెయ్యమంటే ఇన్నాళ్ళు చెయ్యలే. ఒకరినొకరు చెడపబోయి చేసినారు" అన్నాడు ఇద్దరితో. నాతో, "ముఱ కట్టడి ఈ రోజుతో సరి. ఇకమీద ఇద్దరూ కలిసే మార్చాల. నువ్వు మధ్యలో నిలుచుకో" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆ మూలకే కొద్దికొద్దిగా జరుగుతూ పోయాం. మాటలు లేవు కాబట్టి ఒక చెయ్యి మాస్టరుకు, ఒక చెయ్యి ఇంజనీరుకు ఊపుతూ నేను పోలీసులా నిలబడేవాణ్ణి. ఒకచోట తెగడం తగ్గడం ఆగి, మళ్ళీ పెరగసాగింది. ఆగినచోటికి వెనక్కి వచ్చాం. ఈసారి నిలువు, అడ్డం చూసి ఊరుకోలేదు. నాలుగు మూలలకూ తోసి చూశాను. ఎటు తోసినా పెరిగింది. మూడు వంపులూ కట్టి, గుణించి, తీసేశాను. సున్నాకు పైన మిగిలింది. అప్పుడు మళ్ళీ ఇదే కనిష్ఠం అని రాశాను. సంతకం ఈసారి చిన్నదిగా పెట్టాను. సన్న నూలు ఫ్రేములు సన్న నూలుకే ఉండిపోయాయి, టెస్టింగు గదిలో నేను ఉండిపోయాను. నాన్న ఆ వార్త ఎద్దులకు చెప్పాడని అమ్మ చెప్పింది.

ఇక్కడితో ఆపితే లెక్కల కథ అయిపోతుంది. కానీ బావాబావమరుదులు రోజూ పక్కపక్కన నిలబడి పనిచేసినా, మాట మాత్రం నా మీదుగానే నడిచింది. ఏళ్ళు గడిచాయి. ముదలాళి నవ్వినా, చెల్లెలు ఏడ్చినా వాళ్ళు కదలలేదు. ఆ పాయింటు ఏ రకమో తేల్చడం నా చేత కాలేదు.

అరవైలు సగం దాటాక మాస్టరు ఇంట్లో కుక్క మళ్ళీ ఈనింది. పిల్లల్ని అడిగినవాళ్ళకు ఇచ్చేసి, ఒకదాన్ని మాత్రం ఉంచుకున్నాడు. నెలలు గడుస్తున్నా ఎవరికీ ఇవ్వలేదు. అది నడుమెత్తు పెరిగాక ఒక సాయంత్రం నన్ను ఇంటికి పిలిచి, దాని మెడతాడు నా చేతికిచ్చాడు.

"వాళ్ళింటికి తోలుకొనిపో తంబి. ముక్కు ఇక మారదు, నేను బాగా చూసినాను అని చెప్పు."

రంగు నిలుస్తుందో లేదో తేలేదాకా అన్ని నెలలు రోజూ ఆ ముక్కునే చూస్తూ కూచున్నాడన్నమాట. తాడు పట్టుకుని ఇంజనీరు ఇంటికి పోయాను. చెప్పమన్న మాట చెప్పాను. ఆయన కుక్కను వెలుతురులోకి లాగి, గడ్డం పట్టుకుని ముక్కు చూశాడు. వేలు తడి చేసుకుని ఒకసారి రుద్ది చూశాడు. గులాబీ రంగు పోలేదు. ఇంటావిడ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎప్పటిలాగే నేను అడిగాను. "ఆయనకు ఏం చెప్పమంటారు సార్?"

ఇంజనీరు చెప్పులు వేసుకుని, నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు.

"నువ్వు వద్దు తంబి. నేనే పోయి చెప్తాను."

కుక్క ముందు, ఆయన వెనక, వీధి మలుపు తిరిగిపోయారు. ఇక నేను చెయ్యడానికి ఏమీ లేదు. సేత్తూరు బస్సెక్కి ఇంటికి పోయాను.